పాటలు, ఫొటోలు, వీడియోలు పట్టే చిన్న ప్లేయర్: సొంత కార్డు పట్టుకెళ్ళి, ఆడించి చూసి కొనండి

మా నాన్న రొయ్యల చెరువు గట్టు మీద రాత్రి కాపలా ఉంటారు. సెల్‌ఫోన్ ఉంది కానీ దాన్ని పాటలకు వాడరు. "తెల్లారుజామున మూడింటికి కరెంటు పోయి ఏరేటర్లు ఆగాయనుకో, జనరేటర్ కుర్రాడికి ఫోన్ చెయ్యాలి కదా. అప్పటికి చార్జింగ్ లేకపోతే చెరువంతా తేలిపోద్ది" అంటారు. ఆయన మాట నిజం. ఏరేటర్లంటే చెరువు నీళ్ళలోకి గాలి ఎక్కించే యంత్రాలు. ఆ గాలి తగ్గితే రొయ్య గంటల్లో చచ్చిపోతుంది. అందుకే ఆయన కోసం విడిగా ఒక ప్లేయర్ కొన్నాను. పాటలు వినడానికి, మనవరాలి ఫొటోలు చూసుకోవడానికి, కువైట్‌లో ఉన్న మా అక్క పంపే వీడియోలు నిద్ర రాకుండా చూస్తూ కూర్చోడానికి.

పెట్టె మీద మ్యూజిక్, ఫొటో, వీడియో అన్నీ ఉన్నాయని రాసి ఉంది. ఇంటికి తెచ్చాక పాటలు మోగాయి. ఫొటోలు ఒక్కటీ తెరుచుకోలేదు. అక్క పంపిన వాయిస్ మెసేజులు లిస్టులోనే కనబడలేదు. అంతర్వేది తీర్థంలో తీసిన వీడియోకి మాట వినిపించింది, బొమ్మ రాలేదు. షాపుకు పట్టుకెళ్తే "సీలు తీసేశారు కదండీ, వెనక్కి తీసుకోవడం కుదరదండి" అన్నారు. ప్లేయర్‌లో లోపం ఏమీ లేదు. దానికి చేతనైన ఫైళ్ళు వేరు, మా దగ్గర ఉన్నవి వేరు. ఆ సంగతి కొనకముందే తెలుసుకోవచ్చని తర్వాత అర్థమైంది.

ఆ తర్వాత మా వీధిలోవాళ్ళకి, చుట్టాలకి చాలా ప్లేయర్లు దగ్గరుండి కొనిపించాను. ప్రతిసారీ చేసే పని ఒకటే. మన పాట, మన ఫొటో, మన వీడియో ఉన్న మెమరీ కార్డు జేబులో పెట్టుకుని షాపుకు వెళ్ళడం, అక్కడే ఆడించి చూడడం. ఆ కార్డు ఎలా తయారు చేసుకోవాలో, అంతకు ముందు ఏం ఆలోచించుకోవాలో, కొన్నాక ఏం చెయ్యాలో వరసగా చెబుతాను.

మొదట: ఎవరి చేతిలో ఉంటుంది, ఎక్కడ మోగుతుంది

స్క్రీన్ సైజు, మెమరీ గురించి ఆలోచించే ముందు ఆ మనిషిని తలుచుకోండి. చేపల చెరువు మీద పనిచేసేవాళ్ళకి, కొబ్బరి దింపు తీసేవాళ్ళకి, నాట్ల రోజుల్లో పొలంలో ఉండేవాళ్ళకి చేతులు ఎప్పుడూ తడిగానో బురదగానో ఉంటాయి. తడి వేలికి టచ్ స్క్రీన్ సరిగా పలకదు. అలాంటివాళ్ళకి బటన్లు ఉన్నదే కొనండి. చీకట్లో కూడా వేలితో తడిమి 'తర్వాతి పాట' నొక్కగలిగేలా బటన్లు పైకి తేలి ఉండాలి. బటన్లు నొక్కులు లేకుండా నున్నగా ఉండి, వేలు తాకితే పనిచేసే రకం కొన్నిటికి ఉంటుంది. చూడ్డానికి బాగుంటాయి కానీ అవీ టచ్ కిందే లెక్క.

రాత్రి కాపలా ఉండేవాళ్ళు రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్ పెట్టుకోకూడదు. ఏరేటర్ చప్పుడు ఆగిన క్షణం తెలియాలి. మా నాన్న ఒక్క చెవికే పెట్టుకుంటారు. ఇక్కడో చిన్న విషయం ఉంది. ఘంటసాల గారి కాలం నాటి పాత సినిమా పాటలు దాదాపు అన్నీ మోనోలో రికార్డయినవి. కుడి చెవికి వచ్చేదే ఎడమ చెవికీ వస్తుంది కాబట్టి ఒక చెవితో విన్నా పాట పూర్తిగానే వినబడుతుంది. తర్వాత వచ్చిన స్టీరియో పాటల్లో వయొలిన్లు ఒక పక్క, తబలా ఒక పక్క ఉండొచ్చు. ఒక చెవితో వింటే సగం పోతుంది. సెట్టింగుల్లో 'మోనో' అనే వీలున్న ప్లేయర్ దొరికితే కాపలా వాళ్ళకి అది మంచిది. లేకపోతే ప్లేయర్‌కే స్పీకర్ ఉన్నది తీసుకోండి.

ఇంట్లో పెద్దవాళ్ళయితే వేరే సంగతి. మా అమ్మ ప్రవచనాలు వింటుంది. గంట, గంటన్నర ఉండే ఫైళ్ళు. మధ్యలో నిద్ర పట్టేస్తుంది. మర్నాడు ఆన్ చేస్తే ఆగిన చోటు నుంచే మొదలవ్వాలి. చాలా చవక ప్లేయర్లు ఫైలు మొదటి నుంచి ఎత్తుకుంటాయి, అప్పుడు ఆవిడ బటన్ నొక్కి పట్టుకుని నలభై నిమిషాలు ముందుకు జరపాలి. ఆగిన చోటు గుర్తుపెట్టుకోవడం అనేది పెట్టె మీద ఎవరూ గొప్పగా రాయరు. కానీ హరికథలు, ప్రవచనాలు, పద్య నాటకాలు వినేవాళ్ళకి అన్నిటికంటే ముఖ్యమైనది అదే.

కోటిపల్లిలోనో నరసాపురంలోనో రోజూ పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి కాలేజీకి వెళ్ళే పిల్లలకి అయితే తేలిగ్గా జేబులో పట్టాలి, ఎండలో స్క్రీన్ కనబడాలి. ఇయర్‌ఫోన్ తీగ తగిలి లాగినా ఊడిపోని గట్టి జాక్ ఉండాలి.

ఏ రకం తీసుకోవాలి

ఇప్పుడు దొరికేవి మూడు దారులు. ఒకటి, రెండు రెండున్నర అంగుళాల స్క్రీన్, బటన్లు ఉన్న చిన్న ప్లేయర్. షాపుల్లో ఎంపీ4 ప్లేయర్ అంటారు. పాటలకి బాగుంటుంది, చార్జింగ్ చాలాసేపు నిలుస్తుంది, ఫొటోలు పర్లేదు, వీడియో మాత్రం సరిపెట్టుకోవడమే. దీన్లోనే స్పీకరు, నాలుగైదు అంగుళాల స్క్రీన్ కలిపి డబ్బాలా వచ్చేవి ఉన్నాయి, ముసలివాళ్ళకి అవి అనువు.

రెండోది, ఆండ్రాయిడ్‌తో నడిచే ప్లేయర్. సిమ్ లేని ఫోన్ అనుకోండి. వీడియో బాగా వస్తుంది, యాప్‌లు పెట్టుకోవచ్చు, ధర ఎక్కువ, చార్జింగ్ తొందరగా దిగుతుంది. ఖరీదైన వాటిలో శబ్దం నిజంగా గొప్పగా ఉంటుంది. అయితే దానికి తగ్గ ఇయర్‌ఫోన్ కూడా కొనాలి. ఆ డబ్బు పెట్టలేకపోతే ప్లేయర్ మీద పెట్టిన డబ్బు చెవికి తెలియదు.

మూడోది ఇంట్లో మూలపడ్డ పాత స్మార్ట్‌ఫోన్. సిమ్ తీసేసి, అన్నీ చెరిపేసి, పాటలు వీడియోలు నింపితే సరిపోతుంది. బ్యాటరీ బాగుండి, వెనక మూత ఉబ్బకుండా ఉంటే కొత్తది కొనే ముందు దీన్ని ఒక వారం వాడి చూడండి. చాలామందికి ఇదే చాలు. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం దాన్ని పక్కన పెట్టండి, దిండు దగ్గర పెట్టుకునే వస్తువు కాదు.

పాత ఐపాడ్‌ల గురించి కూడా అడుగుతుంటారు. యాపిల్ మొదటి ఐపాడ్‌ని 2001 అక్టోబరులో తెచ్చింది, వీడియో ఆడే ఐపాడ్ 2005 అక్టోబరులో వచ్చింది. దాని స్క్రీన్ రెండున్నర అంగుళాలే. 2022 మేలో ఐపాడ్ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఇప్పుడు దొరికేవి మిగిలిపోయినవి, లేదా ఎవరో వాడినవి. వాటిలో పాటలు మామూలుగా కాపీ పేస్టు చేస్తే ఎక్కవు, కంప్యూటర్లో ఐట్యూన్స్ లాంటిది కావాలి. పాత పెద్ద ఐపాడ్‌లలో లోపల తిరిగే హార్డ్ డిస్క్ ఉంటుంది, కింద పడితే పోతుంది. ముచ్చట కోసమైతే సరే, నాన్నకి చెరువు మీదకి ఇవ్వడానికి వద్దు.

ఇంకొకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. డబ్బు కట్టి వాడే పాటల యాప్‌లో 'డౌన్‌లోడ్' నొక్కి దింపుకున్న పాటలు ఆ యాప్‌లోనే మోగుతాయి. వాటిని కార్డులోకి ఎక్కించి బటన్ ప్లేయర్‌లో వినడం కుదరదు. మీ పాటలన్నీ అలాంటి యాప్‌లోనే ఉంటే మీకు కావలసింది ఆండ్రాయిడ్ ప్లేయర్ లేదా పాత ఫోను. సొంత సీడీల నుంచి తీసుకున్న ఎంపీ3లు, విడిగా కొనుక్కున్న ఫైళ్ళు ఉంటేనే మొదటి రకం పనికొస్తుంది.

ఎంత మెమరీ కావాలి

ఇది చిన్న లెక్కే. కేబీపీఎస్ అంటే పాటలో సెకనుకి ఎంత డేటా ఉందో చెప్పే అంకె. 128 కేబీపీఎస్ ఎంపీ3 పాట నిమిషానికి ఇంచుమించు ఒక ఎంబీ. అయిదు నిమిషాల పాట అయిదు ఎంబీ. 320 కేబీపీఎస్ అయితే అదే పాట పన్నెండు ఎంబీ. 32 జీబీ కార్డులో వాడుకోడానికి దాదాపు 29 జీబీ వస్తుంది. అంటే మొదటి రకం పాటలు 5,800 దాకా, రెండో రకం 2,400 దాకా పడతాయి. పాత మోనో పాటలకి 128 చాలు, స్టీరియో పాటలకి 256 గానీ 320 గానీ పెట్టుకోండి. ఏమీ తీసెయ్యకుండా దాచే ఫ్లాక్ ఫైళ్ళు పాటకి పాతిక ముప్పై ఎంబీ తింటాయి. వాటివల్ల లాభం మంచి ఇయర్‌ఫోన్, నిశ్శబ్దమైన గది ఉన్నవాళ్ళకే.

మెమరీని మింగేది వీడియో. ఫోన్లో 1080పి (ఫుల్ హెచ్‌డీ) లో తీసిన వీడియో నిమిషానికి సుమారు 130 ఎంబీ వరకు ఉంటుంది. జగ్గన్నతోట ప్రభల తీర్థంలో పావుగంట తీస్తే దాదాపు 2 జీబీ. దాన్ని చిన్న స్క్రీన్‌కి తగ్గించి మారిస్తే గంట వీడియో 300 ఎంబీలో పడుతుంది. 720పి (దానికంటే కాస్త తక్కువ స్పష్టత) లో ఉంచుకున్నా గంటకి 700, 800 ఎంబీ. ఫొటోలు 1280 పిక్సెళ్ళ వెడల్పుకి తగ్గిస్తే వెయ్యి ఫొటోలు కూడా అర జీబీ దాటవు.

కాబట్టి బటన్ ప్లేయర్‌కి 32 జీబీ కార్డు చాలు. ఇంకో కారణం కూడా ఉంది. 32 జీబీ వరకు కార్డులు ఫ్యాట్32 అనే పద్ధతిలో వస్తాయి, దాన్ని ప్రతి ప్లేయరూ చదువుతుంది. 64 జీబీ నుంచి ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి, చవక ప్లేయర్లలో చాలావాటికి అది అర్థం కాదు. 'కార్డు లేదు' అని చూపిస్తుంది. మనం కార్డు పాడైందనుకుంటాం. ఫ్యాట్32 కార్డులో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదని కూడా తెలుసుకోండి. పెళ్ళి వీడియో ఒకే పెద్ద ఫైలుగా ఇస్తే దాన్ని ముక్కలు చెయ్యాలి.

టెస్టు కార్డు తయారు చేసుకోవడం

దీనికి అరపూట కేటాయించండి. మైక్రో ఎస్‌డీ కార్డు ఒకటి తీసుకోండి. ముందు ఆ కార్డే అసలుదో కాదో చూడండి. సంతలోనో ఆన్‌లైన్‌లోనో మరీ చవగ్గా వచ్చిన 128 జీబీ కార్డు లోపల 8 జీబీయే ఉండడం నేను కళ్ళారా చూశాను. కంప్యూటర్‌కి మాత్రం 128 అనే చూపిస్తుంది, 8 నిండాక వేసిన పాటలు మోగవు. విండోస్ కంప్యూటర్లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాం కార్డును అంచుదాకా నింపి, తిరిగి చదివి, అసలు సంగతి చెబుతుంది. లినక్స్, మ్యాక్‌లలో ఎఫ్3 అనేది ఉంది. 32 జీబీకి గంటో రెండు గంటలో పడుతుంది. పట్టనివ్వండి.

తర్వాత కార్డులో ఇవి వేసుకోండి.

పాటలు: ఒక 128 ఎంపీ3, ఒక 320 ఎంపీ3, మీ దగ్గర ఉంటే ఒక ఫ్లాక్, గంట దాటిన ప్రవచనం ఒకటి. ఇవి కాక మూడు పాటలకి పేర్లు తెలుగులో పెట్టండి. నేనైతే 'ద్రాక్షారామం', 'అంతర్వేది', 'ముక్తేశ్వరం' అని పెడతాను. వీటిలో వత్తులు, సంయుక్తాక్షరాలు ఉన్నాయి. కొన్ని ప్లేయర్లలో తెలుగు బదులు ఖాళీ డబ్బాలు కనబడతాయి. కొన్నిటిలో అక్షరాలు వస్తాయి గానీ వత్తు కింద ఉండకుండా పక్కకి జారిపోతుంది, గుణింతం విడిపోతుంది. చదవడం కష్టం. ఇంట్లో పెద్దవాళ్ళకి ఇంగ్లీషు రాకపోతే ఈ ఒక్క పరీక్షే కొనాలా వద్దా తేల్చేస్తుంది.

ఫొటోలు: ఫోన్ కెమెరాతో తీసిన పెద్ద ఫొటో అలాగే ఒకటి, అదే ఫొటో వాట్సాప్‌లో వచ్చింది ఒకటి, నిలువుగా తీసింది ఒకటి. ఐఫోన్ ఉన్నవాళ్ళు ఇచ్చిన ఫొటో అయితే అది హెచ్‌ఈఐసీ అనే రకం కావొచ్చు, బటన్ ప్లేయర్లు దాన్ని తెరవవు. మా ఇంట్లో జరిగింది ఇదే. మనవరాలి ఫొటోలన్నీ మా బావగారి ఐఫోన్‌లో తీసినవి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపినప్పుడు అదే జేపీజీగా, చిన్నదిగా మారి వస్తుంది కాబట్టి తెరుచుకుంటుంది. పెద్ద జేపీజీలు కూడా కొన్ని ప్లేయర్లకి బరువే. ఒక్కో ఫొటోకి అయిదారు సెకన్లు తీసుకుంటే చూసేవాళ్ళు విసిగిపోతారు.

వీడియోలు: ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు, కాబట్టి కొంచెం ఓపికగా చదవండి. ఫైలు పేరు చివర ఎంపీ4 అని ఉంటే చాలదు. ఎంపీ4 అనేది సంచీ లాంటిది. లోపల బొమ్మ ఏ పద్ధతిలో కుదించి ఉందన్నది అసలు విషయం. వాట్సాప్ వీడియోలు సాధారణంగా హెచ్.264 లో ఉంటాయి, చాలా ప్లేయర్లకి అది తెలుసు. ఇప్పటి ఫోన్లు చాలావరకు హెచ్.265 లో కూడా తీస్తాయి, దానివల్ల ఫైలు చిన్నదవుతుంది, కానీ పాత చిప్ ఉన్న ప్లేయర్ దాన్ని చదవలేదు. మాట వినిపించి బొమ్మ రాకపోవడానికి కారణం ఇదే. మరీ చవకవాటికి ఎంపీ4 కూడా పనికిరాదు, ఏవీఐ గానీ ఏఎంవీ గానీ కావాలంటాయి. అంటే ప్రతి వీడియోనీ కంప్యూటర్లో మార్చాలి. ఆ ఓపిక ఇంట్లో ఎవరికి ఉందో ముందే ఆలోచించండి. కాబట్టి కార్డులో వాట్సాప్ వీడియో ఒకటి, ఫోన్ కెమెరా వీడియో ఒకటి, హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రాంతో హెచ్.264 లో 720పి కి మార్చింది ఒకటి పెట్టండి.

చివరగా ఒక వాట్సాప్ వాయిస్ మెసేజ్. గల్ఫ్‌లో మనవాళ్ళు ఉన్న ఇళ్ళల్లో ఇవే అన్నిటికంటే ఎక్కువ సార్లు వినేవి. కువైట్‌లో ఉన్న అక్క గొంతుని మా అమ్మ రోజుకి రెండుసార్లు వింటుంది. అవి ఓపస్ అనే రకంలో ఉంటాయి, బటన్ ప్లేయర్లు చాలావరకు గుర్తించవు. గుర్తించకపోయినా భయం లేదు, వీఎల్‌సీ లాంటి దాంతో ఎంపీ3గా మార్చుకోవచ్చు. మార్చాలో అక్కర్లేదో ముందే తెలియడం కోసమే ఈ పరీక్ష.

షాపులో పదిహేను నిమిషాలు

అమలాపురమైనా, భీమవరమైనా, రాజమండ్రి మెయిన్ రోడ్డయినా, ఎలక్ట్రానిక్ షాపువాళ్ళు మర్యాదగా అడిగితే డెమో పీసు ఇస్తారు. "మా కార్డు ఒకసారి పెట్టి చూస్తామండి, ఆడితే ఇప్పుడే తీసుకుంటాం" అని ముందే చెప్పండి. సాయంత్రం రద్దీలో కాకుండా ఉదయం వెళ్ళండి. సీలు తీయనివ్వకపోతే, పరీక్షలో ఆడకపోతే మార్చి ఇస్తామని బిల్లు మీద రాయించుకోండి. రెండూ కుదరదంటే ఇంకో షాపుకి నడవండి.

మొదట తెలుగు పేర్లు చూడండి. తర్వాత ప్రవచనం పెట్టి, మధ్యకి జరిపి, ప్లేయర్ ఆపేసి, మళ్ళీ ఆన్ చెయ్యండి. ఆగిన చోటు నుంచి వచ్చిందా? ఫొటోలు ఒకదాని తర్వాత ఒకటి తిప్పండి, నిలువు ఫొటో అడ్డంగా పడుకుందేమో గమనించండి. ఒక్కో వీడియోనీ నిమిషం పాటు ఆడించి, మధ్యకి జరపండి. జరిపినప్పుడు మాట ముందు, పెదవి తర్వాత కదులుతుంటే ఆ ప్లేయర్‌కి ఆ వీడియో బరువు.

స్క్రీన్‌ని పక్కనుంచి, పైనుంచి, కింద నుంచి చూడండి. చవక స్క్రీన్లలో కొంచెం వంచితే రంగులు తిరగబడతాయి. ఒళ్ళో పెట్టుకుని ఇద్దరు కలిసి చూడాలంటే అది పనికిరాదు. తర్వాత షాపు గుమ్మం బయటికి తెచ్చి ఎండలో చూడండి, ఈ ఒక్క పని ఎవరూ చెయ్యరు. మన దగ్గర సగం రోజు అరుగు మీదో గట్టు మీదో గడిచేదే కదా.

శబ్దాన్ని మీ సొంత ఇయర్‌ఫోన్‌తో వినండి. పాట ఆపి, శబ్దం సగానికి పెట్టి, చెవి దగ్గర 'స్‌స్' అనే రొద ఉందేమో చూడండి. రాత్రి నిశ్శబ్దంలో ఆ రొదే తలనొప్పి తెప్పిస్తుంది. జాక్‌ని మెల్లగా తిప్పండి, గరగరలాడితే వద్దు.

బ్లూటూత్ ఉందంటే ఒక ప్రశ్న అడగండి: ఇది పాట పంపుతుందా, అందుకుంటుందా? స్పీకర్ డబ్బాల్లో చాలావాటికి ఫోన్ నుంచి పాట అందుకునే బ్లూటూత్ మాత్రమే ఉంటుంది. మీ వైర్‌లెస్ ఇయర్‌బడ్స్‌కి పంపదు. మీ ఇయర్‌బడ్స్ తీసుకెళ్ళి కలిపి చూస్తే తేలిపోతుంది. వీడియో కూడా ఆడించి చూడండి, బ్లూటూత్‌లో మాట కాస్త వెనకబడడం మామూలే, మరీ వెనకబడితే కష్టం. ఎఫ్‌ఎం కావాలంటే తీగ ఇయర్‌ఫోన్ ఉండాలి, ఈ చిన్న ప్లేయర్లలో ఆ తీగే యాంటెనా. లంక ఊళ్ళలో స్టేషన్ అందుతుందో లేదో షాపులో తెలియదు, పక్కింట్లో ఎవరి దగ్గరైనా ఎఫ్‌ఎం ఉంటే అడగండి.

చార్జింగ్ రంధ్రం ఫోన్‌ది, ప్లేయర్‌ది ఒకటే అయితే ఇంట్లో తీగల గోల తగ్గుతుంది. టైప్-సీ అని ఉన్నా ఒకసారి గుచ్చి చూడండి. కొన్ని చవక ప్లేయర్లు రెండు వైపులా సీ ఉన్న తీగతో చార్జ్ అవ్వవు, ఒక వైపు పాత పెద్ద యూఎస్‌బీ ఉన్న తీగతోనే అవుతాయి. అది పాడైనట్టు కాదు, లోపల పెట్టాల్సిన చిన్న రెసిస్టర్లు పెట్టకపోవడం వల్ల.

బ్యాటరీ సంగతికి వస్తే, పెట్టె మీద రాసిన గంటలు స్క్రీన్ ఆపి, మధ్యస్తం శబ్దంతో పాటలు విన్నప్పటివి. వీడియోకి అందులో నాలుగో వంతు వస్తే ఎక్కువ అనుకోండి. మూత తీసి బ్యాటరీ మార్చుకునే వీలున్నది దొరికితే దానికే నా ఓటు. స్పీకర్ డబ్బాల్లో కొన్నిటికి పాత నోకియా ఫోన్లలో వాడిన బీఎల్-5సీ రకం బ్యాటరీ ఉంటుంది. అది ఏ సెల్ షాపులోనైనా దొరుకుతుంది. రెండోది కొని చార్జ్ చేసి ఉంచుకుంటే తుపాను రోజుల్లో కూడా ఇల్లు మూగబోదు.

బిల్లు, లేబుల్

పెట్టె మీద ఎమ్మార్పీ, తయారుచేసిన లేదా దిగుమతి చేసుకున్నవాళ్ళ పేరు, చిరునామా, ఫిర్యాదుకి ఫోన్ నంబరు, నెల, సంవత్సరం ఉండాలి. బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉందేమో చూడండి. చార్జ్ పెట్టి దిండు పక్కన పెట్టుకునే వస్తువుకి ఇది ముఖ్యం. జీఎస్టీ బిల్లు మీద మోడల్ నంబరు రాయించుకోండి. తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇంటికొచ్చాక నింపడం

ముందు కార్డుని ప్లేయర్‌లోనే ఫార్మాట్ చెయ్యండి, ఆ వీలు లేకపోతే కంప్యూటర్లో ఫ్యాట్32 గా చెయ్యండి. తర్వాత ఫోల్డర్లు తక్కువ పెట్టండి. ఫోల్డర్‌లో ఫోల్డర్, దాన్లో ఇంకోటి ఉంటే పెద్దవాళ్ళు దారి తప్పుతారు. మా అమ్మకి నాలుగే ఉన్నాయి: పాత పాటలు, ప్రవచనాలు, అక్క మాటలు, ఫొటోలు.

చవక ప్లేయర్లలో చాలావి పాటల్ని పేరు వరసలో కాదు, కార్డులోకి ఏది ముందు ఎక్కిందో ఆ వరసలో ఆడతాయి. హరికథ పది భాగాలుంటే మూడో భాగం ముందు, ఒకటో భాగం తర్వాత వచ్చి కథ గల్లంతవుతుంది. అందుకని పేర్ల ముందు 01, 02 అని అంకెలు పెట్టి, ఒక ఫోల్డర్ మొత్తం పేరు వరసలో పెట్టుకుని ఒకేసారి కాపీ చెయ్యండి. మధ్యలో ఒక భాగం మార్చాల్సి వస్తే ఫోల్డర్ అంతా తీసేసి మళ్ళీ వెయ్యండి.

తెలుగు డబ్బాలుగా కనబడే ప్లేయరే కొనాల్సి వస్తే, పాటల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో చిన్నగా రాయండి. అప్పుడు కూడా డబ్బాలే వస్తుంటే, ఫైలు పేరు కాక పాట లోపల దాగి ఉన్న ట్యాగ్ (పాట పేరు, పాడినవాళ్ళ వివరాలు) తెలుగులో ఉందన్నమాట. ఎంపీ3ట్యాగ్ అనే ఉచిత ప్రోగ్రాంతో దాన్ని మార్చొచ్చు. పాటలోపల పెద్ద అట్ట బొమ్మ అతికించి ఉంటే ప్లేయర్ నెమ్మదిస్తుంది, అదీ అక్కడే తీసెయ్యొచ్చు.

అసలు ఫైళ్ళు కంప్యూటర్లోనో పెన్‌డ్రైవ్‌లోనో ఇంకో కాపీ ఉండాలి. కార్డు ఏదో ఒక రోజు పోతుంది. పాటలు మళ్ళీ దొరుకుతాయి, అక్క గొంతు, పోయిన తాతగారి ఫొటో దొరకవు.

శబ్దం మీద ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి చెప్పే హద్దు 80 డెసిబెల్స్, వారానికి 40 గంటలు. శబ్దం పెరిగేకొద్దీ వినదగిన గంటలు వేగంగా తగ్గిపోతాయి. ఏరేటర్ల రొదను దాటి వినబడాలని రాత్రంతా పెంచేస్తే చెవి పోతుంది. సెట్టింగుల్లో శబ్దానికి గరిష్ట హద్దు పెట్టే వీలుంటే పెట్టేసి ఇవ్వండి.

చెమ్మ, ఉప్పుగాలి, తుపాను

మన దగ్గర ఎలక్ట్రానిక్ వస్తువుని చంపేది వాడకం కాదు, గాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి, ఉప్పునీటి చెరువుల దగ్గర తేమ, చార్జింగ్ రంధ్రంలో పచ్చటి చిలుము పట్టిస్తాయి. చెరువు మీదకి తీసుకెళ్ళేదాన్ని జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో, ఒక సిలికా జెల్ పొట్లంతో పెట్టండి. కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే పొట్లాలు పారెయ్యకండి. కవర్ పైనుంచే బటన్లు నొక్కొచ్చు.

నీళ్ళలో పడితే వెంటనే ఆపేసి, కార్డు తీసి, బ్యాటరీ ఊడొచ్చేదైతే అదీ తీసి, రెండు రోజులు ఫ్యాను గాలికి ఆరబెట్టండి. ఆరకముందు చార్జింగ్ పెట్టకండి, అక్కడే చాలా వస్తువులు పోతాయి. బియ్యం డబ్బాలో పెట్టడం వల్ల ఆరేది తక్కువ, తవుడు దుమ్ము రంధ్రాల్లోకి వెళ్ళేది ఎక్కువ. ఉప్పునీళ్ళలో పడితే ఆరినా లోపల చిలుము మొదలవుతుంది, అదే రోజు రిపేరు కుర్రాడి దగ్గరికి పట్టుకెళ్ళండి.

పవర్ బ్యాంకుతో చార్జ్ చేసేవాళ్ళకి ఒక ఇబ్బంది ఎదురవుతుంది. చిన్న ప్లేయర్ తీసుకునే కరెంటు చాలా తక్కువ. ఏమీ తగిలించలేదనుకుని పవర్ బ్యాంకు దానంతటదే ఆగిపోతుంది. కొన్ని పవర్ బ్యాంకుల్లో బటన్ రెండుసార్లు నొక్కితే తక్కువ కరెంటుకి మారే వీలుంటుంది. లేదంటే ప్లేయర్‌తో పాటు ఫోన్ కూడా తగిలించండి. ఇది కొన్న వారంలోనే పరీక్షించుకోండి.

1996 నవంబరు 6 తుపాను చూసినవాళ్ళకి కరెంటు లేని రాత్రులు ఎంత పొడుగో తెలుసు. అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం అన్న మాట వినగానే మా ఇంట్లో ముందు ఫోన్లు, తర్వాత టార్చి లైట్లు, ఆ తర్వాత ప్లేయర్ చార్జింగ్‌కి పెడతాం. ఎఫ్‌ఎం కోసం తీగ ఇయర్‌ఫోన్ దాని పక్కనే, అదే జిప్ కవర్లో చుట్టి ఉంటుంది.